స్టేట్ గన్ చట్టాల వల్ల క్రైమ్ నిజంగా తగ్గుతుందా, లేక మనలాంటోళ్ళకే తిప్పలా?

గోదారోడు_జార్జియా
మొన్న శనివారం రాత్రి మా స్టోర్‌లో హోల్డప్ అయింది. అట్లాంటాకి నలభై మైళ్ళు, నాలుగు పంపులు, చిన్న స్టోర్. పదకొండు కావస్తోంది, లాటరీ మెషీన్ రిపోర్ట్ తీస్తున్నా, హుడీ వేసుకున్న కుర్రాడొచ్చి సిగరెట్లడిగి కౌంటర్ మీద గన్ పెట్టాడు. నిజం చెప్తున్నా వాడి చెయ్యి నా చెయ్యి కంటే ఎక్కువ వణుకుతోంది. 312 డాలర్లు, రెండు కార్టన్లు పట్టుకుని పోయాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ.
అసలు గొడవ ఆ తర్వాత. రిపోర్ట్ రాసుకోడానికొచ్చిన డిప్యూటీ "నువ్వూ ఒకటి కొనుక్కో" అన్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా బావ ఫోన్ చేసి "మీ జార్జియా వాళ్ళు 2022లో పర్మిట్ కూడా తీసేసి ఎవడు పడితే వాడు జేబులో పెట్టుకుని తిరగొచ్చన్నారు కదా, ఇంకేం జరుగుద్ది మరి, మా దగ్గర చట్టాలు గట్టివి కాబట్టే ప్రశాంతంగా ఉన్నాం" అని గంటసేపు క్లాస్ పీకాడు. ఇద్దరూ నాకు జ్ఞానం చెప్పేవాళ్ళే. ఇక్కడ రకరకాల స్టేట్స్‌లో ఉన్నోళ్ళున్నారు కదా, చెప్పండి, స్టేట్ చట్టం వల్ల ఆ హుడీ కుర్రాడి చేతిలో గన్ లేకుండా పోయేదా?

డాలస్_బాబాయ్
పోయేది కాదు. దొంగతనానికి వచ్చేవాడు అప్లికేషన్ ఫారం నింపి వస్తాడా? డిప్యూటీ చెప్పిందే కరెక్టు. కొనుక్కో.

ఎడిసన్_ఇడ్లీ
ముందు మీ బావ సంగతి. కోతలు కోస్తున్నాడండి. న్యూజెర్సీ అంటే ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్ ఒక్కటే కాదు. కామ్డెన్ కూడా ఇక్కడే ఉంది. 2012లో ఆ చిన్న ఊళ్ళో 67 హత్యలు, 2024లో 17. రెండు సంవత్సరాల్లోనూ స్టేట్ చట్టాలు గట్టివే. మధ్యలో 2013లో సిటీ పోలీస్ డిపార్ట్‌మెంట్‌ని మొత్తం రద్దు చేసి కౌంటీ పోలీసులతో కొత్తగా మొదలెట్టారు. కాబట్టి "చట్టం ఉంది, అందుకే ప్రశాంతం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా.
అలాగని చట్టం దండగ అనను. నేను ఇక్కడ హ్యాండ్‌గన్ కొన్నా కాబట్టి చెప్తున్నా. టౌన్‌షిప్ పోలీసులకి అప్లికేషన్, వేలిముద్రలు, ఇద్దరి రిఫరెన్సులు, మెంటల్ హెల్త్ రికార్డులు చూసుకోవడానికి సంతకం, మళ్ళీ ఒక్కో హ్యాండ్‌గన్‌కి విడిగా పర్మిట్. రిఫరెన్స్ కోసం మా టెంపుల్‌లో పరిచయమైన ఆయన్ని అడిగితే "ఇంట్లో ఏమన్నా గొడవలా బాబూ" అని భయపడ్డాడు. నాకు పర్మిట్ చేతికి రావడానికి రెండు నెలల పైన పట్టింది.

డాలస్_బాబాయ్
@ఎడిసన్_ఇడ్లీ నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఫారం నింపా, షాపతను కంప్యూటర్‌లో చెక్ చేశాడు, కార్డు గీకా, బయటికొచ్చా. మధ్యలో కాఫీ కూడా ఇచ్చాడు.

నేపర్విల్_సుజాత
బాబాయ్ గారూ ఆ కాఫీయే ప్రాబ్లం 😀

సీమ_టపాకాయ్
ఏందప్పా మీరు. మా ఊర్లో తుపాకీ లైసెన్సులు ఎంతమందికుండేవి? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఫ్యాక్షన్ ఆగిందా? నాటుబాంబులు, వేటకొడవళ్ళు. కొట్టాలనుకున్నోడికి ఏదో ఒకటి దొరుకుతాది.

పెద్దక్క_షార్లెట్
@సీమ_టపాకాయ్ అబ్బాయ్, నాటుబాంబు చుట్టడానికి పదిమంది కావాలి, మందు కావాలి, రెండ్రోజుల ప్లానింగ్ కావాలి, ఒక్కోసారి చుట్టేవాడి చెయ్యే పోద్ది. ఇక్కడ పార్కింగ్ దగ్గర మాటా మాటా అనుకుని రెండు సెకన్లలో అయిపోద్ది. రెండూ ఒకటెలా అవుతాయ్?

సీమ_టపాకాయ్
అదీ నిజమేలే అక్కా.

షికాగో_చలిమంట
ఎవరో ఒకరు షికాగో అంటారు, ఎందుకొచ్చింది, నేనే ముందు అనేస్తా. ఇల్లినాయిలో 1968 నుంచి ఫాయిడ్ కార్డు, అంటే గన్ ఓనర్ గుర్తింపు కార్డు ఉంది, అది లేకుండా బుల్లెట్ కూడా కొనకూడదు. అయినా 2021లో సిటీలో 800 దాకా హత్యలు. చట్టం ఏం పీకినట్టు?

నేపర్విల్_సుజాత
@షికాగో_చలిమంట సగం చెప్పి వదిలేశారు. 2017లో సిటీ వాళ్ళే వేసిన రిపోర్ట్ ఉంది, నేరాల్లో పట్టుబడ్డ గన్స్‌ని మొదట ఎక్కడ అమ్మారో వెతికితే 60 శాతం బయటి స్టేట్స్‌వి. ఒక్క ఇండియానాదే 21 శాతం. షికాగో సౌత్ సైడ్ నుంచి ఇండియానాలో ఉన్న హ్యామండ్ ఎంత దూరం? మనం పెట్రోల్ చీప్ అని వెళ్ళొస్తాం అంత దూరం. ఇల్లినాయి వాడికి అక్కడి డీలర్ నేరుగా హ్యాండ్‌గన్ అమ్మకూడదు, ఫెడరల్ రూల్. అందుకే బినామీ. రికార్డ్ క్లీన్‌గా ఉన్న అక్కడి గర్ల్‌ఫ్రెండో కజినో పేరు మీద కొనిపిస్తారు, లేదా షాపు కాకుండా ప్రైవేట్ మనిషి దగ్గర కొంటారు, అక్కడ చెక్ అక్కర్లేదు. ఇంటికి తలుపేసుకుని పక్కింటి గోడ కూలగొడితే దొంగ రాడా?

డాలస్_బాబాయ్
అయితే ఆ గన్స్ అన్నీ ఇండియానాలో పుట్టినవే కదమ్మా, మరి ఇండియానాలో క్రైమ్ ఎందుకు లేదు?

నేపర్విల్_సుజాత
ఎవరన్నారు లేదని? ఇండియానాపోలిస్ జనాభా షికాగోలో మూడో వంతు, 2021లో అక్కడ హత్యలు 250 చుట్టుపక్కల. మూడుతో గుణించండి బాబాయ్ గారూ. టీవీలో చూపించరు, అంతే.

డాలస్_బాబాయ్
సరే ఆ పాయింట్ నీదే. మరి వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్? ముగ్గురూ పర్మిట్ లేకుండా గన్ పెట్టుకోవచ్చంటారు. హత్యలు దేశంలోనే తక్కువ. చట్టమే కారణమైతే అక్కడ రక్తం ఏరులై పారాలి కదా.

బోస్టన్_బుజ్జి
మేము పక్కనే ఉంటాం. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య అడవి, జనం పెద్దవయసు వాళ్ళు, పెద్ద సిటీల్లేవు. హత్యలు తక్కువ, ఒప్పుకుంటా. కానీ అక్కడ గన్‌తో చనిపోయేవాళ్ళలో చాలామంది ఆత్మహత్యలే, ఆ లెక్క మీ క్రైమ్ లెక్కలోకి రాదు. దేశం మొత్తం 2021లో గన్స్ వల్ల 48,830 మంది పోతే అందులో 26 వేలకు పైగా ఆత్మహత్యలు. మనం మాట్లాడేది రెండో సగం గురించే.

మోడరేటర్_రాంబాబు
ఇప్పటిదాకా బానే ఉంది. పార్టీల పేర్లు, ప్రెసిడెంట్ల పేర్లు వస్తే త్రెడ్‌కి తాళం. ముందే చెప్తున్నా.

ఎడిసన్_ఇడ్లీ
తాళాలకి న్యూజెర్సీలో పర్మిట్ అక్కర్లేదు రాంబాబు గారూ, కానివ్వండి.

లెక్కల_శీను
ఆలస్యంగా చూశా. పొడుగు పోస్ట్, తిట్టుకోకండి.
"గన్ చట్టాలు" అని ఒకటే మూట కట్టేసి అడిగితే ఎప్పటికీ తేలదు. వంద రకాల చట్టాలున్నాయి. "మందులు పనిచేస్తాయా" అని అడిగినట్టుంటుంది, ఏ మందు, ఏ రోగానికి?
మిజోరీ కథ వినండి. అక్కడ 1921 నుంచి హ్యాండ్‌గన్ కొనాలంటే షెరిఫ్ ఆఫీసుకి స్వయంగా వెళ్ళి పర్మిట్ తెచ్చుకోవాలి. 2007 ఆగస్టులో అది ఎత్తేశారు. జాన్స్ హాప్‌కిన్స్‌లో డేనియల్ వెబ్‌స్టర్ వాళ్ళ బృందం లెక్కవేస్తే గన్ హత్యల రేటు దాదాపు నాలుగో వంతు పెరిగింది. గన్ లేకుండా జరిగే హత్యలు మాత్రం పెద్దగా కదల్లేదు. ఇంకో సంగతి నాకు ఎక్కువ నచ్చింది. నేరాల్లో దొరికిన గన్స్‌లో మిజోరీలోనే అమ్మినవి 2006లో 56 శాతం, 2012కి 72. అంటే ముందు దొంగలు బయటి నుంచి ఎక్కువ తెచ్చుకునేవాళ్ళు, తర్వాత లోకల్ సరుకే ఎక్కువ దొరికింది. సుజాత గారి ఇండియానా కథ తిరగేస్తే ఇదే.
కనెక్టికట్ దీనికి ఉల్టా. 1995లో పర్మిట్ పెట్టారు. చట్టం లేకపోతే కనెక్టికట్ ఎలా ఉండేదో తెలీదు కాబట్టి ఆ హాప్‌కిన్స్ వాళ్ళే వేరే స్టేట్స్‌ని తలా ఇంత కలిపి ఒక ఉత్తుత్తి కనెక్టికట్ తయారు చేసి పోల్చారు. మొదటి పదేళ్ళలో గన్ హత్యలు 40 శాతం తగ్గాయని తేలింది.

డాలస్_బాబాయ్
ఉత్తుత్తి కనెక్టికట్ ఏంట్రా శీనూ, ఉప్మాలాగా వండుకోవడమేనా?

లెక్కల_శీను
ఉప్మాయే బాబాయ్, అందులో రవ్వ అంతా రోడ్ ఐలండ్. డెబ్బై శాతం పైన అదే. రోడ్ ఐలండ్‌లో ఆ టైంలో ఏదైనా తేడా వస్తే కనెక్టికట్‌లో చట్టం పనిచేసినట్టు కనపడుద్ది. తర్వాత అదే బృందం ఇంకా ఎక్కువ ఏళ్ళు కలిపి చూస్తే 40 కాస్తా 28కి దిగింది. నేను దాచట్లేదు. తగ్గిందనే అనుకుంటా, ఎంత అనేదే అనుమానం.

మిజోరీ_మావయ్య
సెయింట్ లూయిస్‌లో 2003 నుంచి ఉంటున్నా, మా స్టేట్ గురించి నన్నడగండి. శీను చెప్పింది కరెక్టే కానీ ఒకటి మర్చిపోయాడు. ఆ 2007 బిల్లులోనే ఇంకోటి కూడా పెట్టారు, ఇంట్లోకి జొరబడ్డవాణ్ణి కాల్చినా తప్పులేదనే రూలు. ఒకే దెబ్బకి రెండు మార్పులు. పెరిగింది పర్మిట్ తీసేసినందుకా, దీనికా? పైగా 2008లో ఉద్యోగాలు ఊడాయి, 2014లో పోలీసు కాల్పుల మీద ఫెర్గూసన్ ఊళ్ళో గొడవ. అన్నీ కలిపి ఒకదాని మీదకి తోస్తే ఎలా.

లెక్కల_శీను
@మిజోరీ_మావయ్య మంచి పాయింట్ మావయ్యా, ఒప్పుకుంటున్నా. ఉద్యోగాలు దేశమంతా ఊడాయి కాబట్టి దాన్ని కొంత తీసేయొచ్చు, ఫెర్గూసన్ 2014 కాబట్టి 2012 దాకా చూసిన లెక్కకి తగలదు. ఇంట్లో కాల్చే రూలు మాత్రం విడదీయడం కష్టం. కానీ 56 నుంచి 72 అయింది చూడండి, దానికీ ఆ రూలుకీ సంబంధం ఏముంటుంది?

మిజోరీ_మావయ్య
హ్మ్. అది ఆలోచించాలి.

షికాగో_చలిమంట
శీనూ బ్రో, మరి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అందరికీ పెడితే చాలు అంటారు కదా, అది?

లెక్కల_శీను
అక్కడే నేనూ ఆశ్చర్యపోయా. కాలిఫోర్నియాలో 1991లో ప్రైవేట్ అమ్మకాలకి కూడా చెక్ పెట్టారు, చిన్న హింస కేసులున్నోళ్ళకి గన్ లేదన్నారు. పదేళ్ళ లెక్క చూస్తే గన్ హత్యల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లో వచ్చింది. అదీ గన్ కంట్రోల్‌కి వ్యతిరేకులు కాదు, యూసీ డేవిస్‌లో దీని మీదే బతుకంతా పనిచేసిన వాళ్ళు రాసింది. నాకర్థమైంది ఏంటంటే షాపులో కంప్యూటర్ చెక్ వేరు, నువ్వే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి వేలిముద్ర వేసి ఎదురుచూడ్డం వేరు. బినామీగా కొనేవాడు రెండోదానికి జంకుతాడు.

వరంగల్_వకీల్
గదే నేను జెప్పేది. చట్టం కాయితం మీద ఎంత గట్టిగున్నది కాదు, ఎక్కడ మనిషిని ఆపి మొఖం జూస్తది అనేదే ముఖ్యం. మన దగ్గర ఆర్మ్స్ యాక్ట్ 1959ది, లైసెన్సు కావాలంటే పోలీసు ఎంక్వైరీ, ఎందుకు కావాలో కారణం జెప్పాలె. మా తాతకు డబుల్ బ్యారెల్ ఉండె. ఎలక్షన్లొచ్చినప్పుడల్లా ఠాణాల జమ చెయ్యాలె. ఒక్కసారి జమ చేస్తే తిరిగొచ్చేసరికి తుప్పు, కట్టెకు చెదలు. తాత దాన్ని చూసి ఏడ్చిండు. తర్వాత మళ్ళ తెచ్చుకోలే.

సీమ_టపాకాయ్
అదే అసలైన గన్ కంట్రోల్ అన్నా, చెదలు 😂

డాలస్_బాబాయ్
మీరంతా ఒకవైపే మాట్లాడుతున్నారు. మంచోళ్ళ దగ్గర గన్ ఉంటే దొంగ భయపడడా? దాని మీద కూడా పుస్తకం ఉంది, జాన్ లాట్‌ది, 1998లో వచ్చింది, ఎక్కువ గన్స్ ఉంటే తక్కువ క్రైమ్ అని.

లెక్కల_శీను
ఉంది. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ దాన్ని మళ్ళీ పరిశీలించి అటూ ఇటూ ఏదీ తేల్చలేమంది. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జాన్ డోనహ్యూ వాళ్ళు 2019లో ఎక్కువ ఏళ్ళు కలిపి చూస్తే, గన్ వెంట పెట్టుకుని తిరిగే హక్కు అందరికీ ఇచ్చిన స్టేట్స్‌లో పదేళ్ళయ్యాక హింసాత్మక నేరాలు ఇవ్వకపోతే ఉండేదానికంటే 13 నుంచి 15 శాతం ఎక్కువ ఉన్నాయి.

డాలస్_బాబాయ్
ప్రొఫెసర్లు ఒకరు అటు ఒకరు ఇటు. నేను మటుకు మా ఇండియన్ గ్రోసరీ తలుపు మీద ఆ 30.06 బోర్డు చూసినప్పుడల్లా నవ్వుకుంటా. ఇంగ్లీషు, స్పానిష్ రెండిట్లో ఇంత పెద్ద అక్షరాలు, దాని కింద "సమోసా 2 డాలర్లు". గన్‌తో లోపలికి రావద్దని దొంగకి చెప్తున్నారా, నాకు చెప్తున్నారా? నేను చదివి గన్ కార్లో పెట్టి వెళ్తా. దొంగ చదవడు.

పెద్దక్క_షార్లెట్
@డాలస్_బాబాయ్ కార్లో పెట్టి వెళ్తానన్నారు చూశారా, అక్కడ ఆగండి. 2017 నుంచి 2021 దాకా ఐదేళ్ళలో జనం దగ్గర్నుంచి దొంగతనం అయినట్టు రిపోర్ట్ అయిన గన్స్ పది లక్షల పైన. మా కాంప్లెక్స్‌లో ఒక్క రాత్రి ఆరు కార్ల అద్దాలు పగలగొట్టారు, ల్యాప్‌టాప్ వదిలేసి గ్లవ్ బాక్స్ వెతికారు. వాళ్ళకి కావాల్సింది అదే. దొంగ ఫారం నింపడన్నారుగా మీరు, నిజమే, మీరు నింపిన ఫారం వాడికి చాలు.

బోస్టన్_బుజ్జి
👏👏

పెద్దక్క_షార్లెట్
ఇంకోటి చెప్పాలి. మా అబ్బాయికి ఏడేళ్ళు. ప్లేడేట్‌కి పంపేముందు అలర్జీలు అడుగుతారు కదా, నేను "మీ ఇంట్లో గన్ ఉందా, తాళం వేసి ఉంటుందా" అని కూడా అడుగుతా. మొదటిసారి మన తెలుగావిడనే అడిగా. "అయ్యో లేదండీ" అంది. ఐదు నిమిషాలకి మెసేజ్, "మా ఆయన్ని అడిగా, ఉందట, మంచం పక్క డ్రాయర్‌లో, నాకే తెలీదు" అని. పిల్లలకి అందకుండా దాచాలనే చట్టాల వల్ల పిల్లల చావులు తగ్గుతాయని రాండ్ అనే రీసెర్చ్ సంస్థ వాళ్ళు అన్ని స్టడీలూ జల్లెడ పట్టి చెప్పారు, అన్నిట్లోకీ గట్టి ఆధారం ఉన్నవాటిలో అదొకటి. క్రైమ్ కాదు కాబట్టి దాని గురించి ఎవరూ కొట్టుకోరు.

బోస్టన్_బుజ్జి
వెయిటింగ్ పీరియడ్ కూడా అలాంటిదే. కొన్నాక చేతికివ్వడానికి కొన్ని రోజులు ఆపడం, కాలిఫోర్నియాలో పది రోజులు. అలాంటి స్టేట్స్‌లో గన్ హత్యలు 17 శాతం దాకా తగ్గాయని 2017లో వచ్చింది. కోపం చల్లారడానికి టైం, అంతే. మన ఇళ్ళలో "తెల్లారాక మాట్లాడుకుందాం" అంటారు చూడండి, అదే చట్టం.

షికాగో_చలిమంట
అయినా నాకు ఒకటి మింగుడు పడట్లేదు. 2020లో దేశమంతా హత్యలు 30 శాతం దాకా పెరిగాయి, గట్టి చట్టాల స్టేట్స్‌లోనూ, లేని స్టేట్స్‌లోనూ. మళ్ళీ 2023, 24లో అన్నిచోట్లా తగ్గాయి, మా షికాగో 573కి దిగింది. ఏ స్టేట్ చట్టం చేసింది ఇదంతా?

లెక్కల_శీను
ఏదీ కాదు. అలలు వేరే కారణాల వల్ల వస్తాయి. చట్టం చేసేది ఆ అల కింద నీళ్ళు మోకాలి లోతా, పీకల్లోతా అన్నది. 2021లోనే చూడు, లక్షమందికి గన్ చావులు మసాచుసెట్స్‌లో 3.4, మిసిసిపీలో 33.9. పదింతలు. అందులో పేదరికం ఎంత, చట్టం ఎంత అని వందేళ్ళు కొట్టుకోవచ్చు, కానీ చట్టం వాటా సున్నా అని ఎవడన్నా అంటే నేను నమ్మను.

గోదారోడు_జార్జియా
డ్యూటీ దిగి ఇప్పుడే అన్నీ చదివా. చెప్పకూడదనుకున్నా కానీ చెప్పేస్తా, మంగళవారమే కొనేశా. నాకు గ్రీన్ కార్డ్ ఉంది. బాబాయ్ అన్నట్టే అరగంట కూడా పట్టలేదు. కౌంటర్ కింద షెల్ఫ్‌లో టవల్ చుట్టి పెట్టా. రాత్రిళ్ళు మా పెద్దమ్మ మనవడు కూర్చుంటాడు, మాస్టర్స్ చేస్తున్నాడు, వాడికి కూడా ఎక్కడుందో చూపించా.

వరంగల్_వకీల్
ఆగు తమ్మీ ఆగు. స్టూడెంట్ వీసానా? ఎఫ్1, హెచ్1 మీద ఉన్నోళ్ళు గన్ ముట్టుకునుడే ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ ఉంటే తప్ప. జార్జియా ఎంత వదిలేసినా ఆ చట్టం వదలదు. దొంగను చూసి వాడు దాన్ని చేతిల పట్టుకున్నడనుకో, దొంగ కంటే ముందు వీనికే డీపోర్టేషన్.

ఎడిసన్_ఇడ్లీ
రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చి ఫోటోలు పెట్టే హెచ్1 బాబులకి కూడా ఇదే వర్తిస్తుందండోయ్. ఎంతమందిని చూశానో.

నేపర్విల్_సుజాత
అది సరే, స్టూడెంట్ వీసా అబ్బాయి రాత్రిపూట కౌంటర్‌లో ఏం చేస్తున్నాడు?

మోడరేటర్_రాంబాబు
చదువుకుంటున్నాడు. నెక్స్ట్ పోస్ట్.

మిజోరీ_మావయ్య
😂😂 రాంబాబూ నీకు దండం

గోదారోడు_జార్జియా
వామ్మో ఇది నాకు నిజంగా తెలీదు. అమ్మినవాడు నా గురించే అడిగాడు, నా కౌంటర్ వెనక ఎవరుంటారని అడగలేదు.
సరే, ఇవాళ్టి నుంచి రాత్రి పదికే షట్టర్. నోట్లు పైనుంచి వేస్తే మళ్ళీ తియ్యలేని డ్రాప్ సేఫ్ ఒకటి పెట్టిస్తున్నా, డ్రాయర్‌లో 50 డాలర్లే ఉంటాయని తలుపు మీద కాగితం అంటిస్తా. అబ్బాయికి పగలు కూడా వద్దని చెప్పేశా. బావకి ఈ కామ్డెన్ సంగతి ఫార్వర్డ్ చేశా, ఇంకా చూడలేదు. గన్ కౌంటర్ కింద నుంచి తీసేశా, మా ఆవిడ ఇంట్లోకి తేవద్దంది, ప్రస్తుతానికి కారు డిక్కీలో ఉంది.

పెద్దక్క_షార్లెట్
డిక్కీలోనా??? నేను పైన అంత రాసింది ఎవరికి?

డాలస్_బాబాయ్
ఒరేయ్ లాక్‌బాక్స్ కొనరా ముందు. స్పోర్ట్స్ షాపులో దొరుకుద్ది, నేనూ రేపు ఒకటి కొంటున్నా, కారుకి.

గోదారోడు_జార్జియా
వెళ్తున్నా అక్కా వెళ్తున్నా, తొమ్మిదింటికి మూస్తారంట.